అంట్ల తొట్టి నుండి అణువుల కొలత వరకు

రాత్రి భోజనములు ముగిసిన పిమ్మట అంట్లు కడిగిన నీటిని మనలో నెవరు పరిశీలనగా చూతురు? ఆ నీటిమీద నూనె జిడ్డు పలుచని పొరగా ప్రాకియుండును. దీపపు వెలుగు పడినప్పుడు అందులో రంగులు కూడ కనిపించును. ఆ నీటిని పారబోసి, తొట్టిని కడిగి బోర్లించినగాని ఇల్లాలికి పని ముగిసినట్లు తోచదు. ఇది ప్రతి దేశమున, ప్రతి ఇంట, ప్రతి దినమును జరుగుచున్నదే. కాని 1880వ సంవత్సర ప్రాంతమున జర్మనీ దేశమున పదునెనిమిదేండ్ల బాలిక యొకతె ఆ నీటిని పారబోయుటకు ముందు కొంతసేపు నిలిచి చూచినది. ఆమె చూచిన దానినుండి ఒక శాస్త్రశాఖయే పుట్టినది.

ఆమె పేరు ఆగ్నెస్ పోకెల్సు. ఆమె ఏ విశ్వవిద్యాలయమునను చదువలేదు. ఏ ప్రయోగశాలయందును ఉద్యోగము చేయలేదు. అయినను ద్రవముల ఉపరితలమున పనిచేయు బలములను గూర్చి ఆమె కనుగొన్న విషయములు నేటికిని శాస్త్రజ్ఞులకు పునాదిగా నున్నవి. ఈ ప్రసంగమున మేము శ్రోతలకు పరిచయము చేయదలచినది ఆమెను, ఆమె కొలిచిన ఆ బలమును.

మొదట బలమును గూర్చి తెలిసికొందము. గ్లాసునిండ నీరు పోసి, పిదప మెల్లగా మరికొన్ని చుక్కలు చేర్చినచో నీరు వెంటనే పొరలిపోదు. అంచునకు పైగా ఉబ్బి నిలుచును. తామరాకు మీద నీటిబొట్టు ముత్యమువలె గుండ్రనగును. ఉక్కు నీటికన్న దాదాపు ఎనిమిది రెట్లు బరువైనది. అయినను పొడిగా నున్న సన్నని కుట్టుసూదిని నీటిపై అడ్డముగా నెమ్మదిగా ఉంచినచో అది మునుగక నిలుచును. చెరువులలో సన్నని కాళ్ళ పురుగులు నీటిపై నడచుట పల్లెలలో పెరిగిన వారందరును చూచినదే. ఈ వింతలన్నిటికిని కారణమొక్కటే. నీటి పైతలము బిగించి పట్టిన పొరవలె ప్రవర్తించును. ఆ బిగువునకే తలతన్యత యని పేరు.

ఈ బిగువు ఎక్కడి నుండి వచ్చినది? నీటి అణువులు ఒకదాని నొకటి ఆకర్షించుకొనును. నీటి లోపలనున్న అణువును చుట్టునున్న అణువులు అన్ని దిక్కులకును సమముగా లాగుటచే ఆ లాగుళ్ళు ఒకదానికొకటి సరిపోవును. పైతలముననున్న అణువునకు ప్రక్కలను, క్రిందను తోడి అణువులు కలవు గాని, పైన లేవు. కావున అది లోపలికే లాగబడుచుండును. ఈ కారణముచే నీటితలము తన వైశాల్యమును వీలైనంత తగ్గించుకొనజూచును. శుద్ధజలమునకు గది వేడిమియందు ప్రతి సెంటీమీటరు పొడవునకు ఈ బలము సుమారు 72 డైనులు. అనగా ఇంచుమించు 73 మిల్లీగ్రాముల బరువునకు సమానము. ఇది మిక్కిలి స్వల్పమైన బలమే. కాని పురుగు కాలునకు, నీటిబొట్టునకు, ఇకముందు చెప్పబోవునట్లు పసికందు ఊపిరికి, అదియే పెద్ద బలము.

ఒక్క విషయము ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలెను. రబ్బరు పొరను సాగదీసిన కొలది దాని బిగువు హెచ్చును. శుద్ధజలపు తలము అట్లు కాదు. దానిని ఎంత వెడల్పు చేసినను, ఎంత కుదించినను సెంటీమీటరునకు కల బిగువు మారదు. మరి జిడ్డు పట్టిన నీటి సంగతి యేమి? ఆగ్నెస్ పోకెల్సు తన్ను తాను వేసికొన్న ప్రశ్న ఇదియే.

ఆమె 1862వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన వెనీసు నగరమున జన్మించెను. అప్పుడా నగరము ఆస్ట్రియా సామ్రాజ్యమున చేరియుండెను. తండ్రి ఆ సైన్యమున ఉద్యోగి. అచ్చటి మలేరియా జ్వరము కుటుంబము నెల్ల పీడించుటచే తండ్రి ఆరోగ్యము చెడెను. 1871లో వారు జర్మనీలోని బ్రౌన్‌ష్వైగు నగరమునకు వచ్చి స్థిరపడిరి. ఆగ్నెస్ అచ్చటి బాలికల పాఠశాలయందు చదివెను. ప్రకృతిశాస్త్రములన్న, అందును భౌతికశాస్త్రమన్న ఆమెకు మిక్కిలి మక్కువ. కాని ఆ కాలమున జర్మను విశ్వవిద్యాలయములు స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొనెడివి కావు. పిమ్మట ఆ తలుపులు కొంత తెరువబడునప్పటికి, తల్లిదండ్రులు ఆమెను వెళ్ళవలదని కోరిరి. ఇంట రోగులైన పెద్దలు ఉండిరి. వారి సేవయు, వంటయు, ఇంటి పనియు ఆమెపై నుండెను.

ఆమెకు ఫ్రెడరిక్ అను తమ్ముడు కలడు. ఆమెకన్న మూడేండ్లు చిన్నవాడు. అతడు గొట్టింగెను విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి, తరువాత హైడెల్బర్గున ఆచార్యుడయ్యెను. విద్యుత్ క్షేత్రమున స్ఫటికముల గుండ వెలుగు ప్రసరించు విధమును గూర్చి అతడు కనుగొన్న విషయము నేటికిని అతని పేరుతోనే పిలువబడుచు, లేసరు యంత్రములయందు ఉపయోగపడుచున్నది. అక్కకు దొరకని చదువు తమ్మునికి దొరకెను. అయితే ఆ తమ్ముడు తన పాఠ్యగ్రంథములను అక్కకు ఇచ్చెను. గణితము, భౌతికశాస్త్రము ఆమె ఆ పుస్తకములనుండియే, ఇంటి పనుల నడుమ, తనంతట తాను నేర్చుకొనెను.

ఇక ఆమె ప్రయోగమును చూతము. ఆమె ఒక రేకు తొట్టి చేయించెను. దాని పొడవు 70 సెంటీమీటర్లు, వెడల్పు 5, లోతు 2 సెంటీమీటర్లు. దానిని అంచువరకు నీటితో నింపి, సుమారు ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు గల రేకు పట్టీని తొట్టికి అడ్డముగా, నీటిని తాకునట్లు, ఉంచెను. దానితో నీటితలము రెండు భాగములయ్యెను. పట్టీని కుడికి గాని ఎడమకు గాని జరిపినచో ఒక భాగము పెరిగి రెండవది తరుగును. ఎంత జరిగినదో తొట్టి ముందుంచిన కొలబద్ద చెప్పును. బలమును కొలుచుటకు ఆరు మిల్లీమీటర్ల వ్యాసము గల చిన్న బిళ్ళను నీటిపై నానించి, దానిని పైకి లాగివేయుటకు ఎంత బరువు కావలెనో ఒక తేలికైన త్రాసుతో తూచెను. ఇంతియే పరికరము. ఇందులో ఒక మామూలు రేకుపనివాడు చేయలేనిది లేదు.

చూచుటకు ఇది సామాన్యముగా కనిపించును గాని, ఆ రేకు పట్టీయందు గొప్ప యుక్తి కలదు. నీటితలము మిక్కిలి సులభముగా మైలపడును. వ్రేలు తగిలినను, గాలిలోని దుమ్ము పడినను, దాని బిగువు మారవచ్చును. అంతకు పూర్వము పెద్ద శాస్త్రజ్ఞుల కొలతలు సైతము ఒకరివి ఒకరితో కలియకపోవుటకు ఇదియొక ముఖ్య కారణము. ఆగ్నెస్ తన పట్టీతో, చీపురుతో నేల నూడ్చినట్లు, నీటితలము నూడ్చి మాలిన్యమును ఒక ప్రక్కకు నెట్టగలిగెను. అంతేకాదు. తెలిసిన కొలది జిడ్డును తలముపై నుంచి, అదే జిడ్డును విశాలమైన తావునను, ఇరుకైన తావునను పరీక్షింపగలిగెను. ఈ రెండును ఒకే పట్టీతో సాధ్యమయ్యెను.

అప్పుడామె చూచినదేమి? జిడ్డు కొద్దిగా నుండి తలము విశాలముగా నున్నంతవరకు బిగువు శుద్ధజలముతో సమానముగనే యుండెను. పట్టీని జరిపి తలమును తగ్గించుచు పోగా చాలదూరము ఏ మార్పును కనిపింపలేదు. ఒక నిర్ణీతమైన వైశాల్యమునకు వచ్చునప్పటికి మాత్రము బిగువు హఠాత్తుగా పడిపోవ నారంభించెను. పట్టీని వెనుకకు జరుపగా బిగువు మరల హెచ్చెను. తిరునాళ్ళలో వీథి విశాలముగా నున్నంతవరకు ఎవరి దారిన వారు నడతురు. వీథి ఇరుకై భుజమునకు భుజము తగులగనే త్రోపులాట మొదలగును. నీటిపైనున్న నూనె అణువుల సంగతియు నట్టిదే. దూరదూరముగా నున్నప్పుడు వాని ఉనికియే తెలియదు. ఒకదానినొకటి తాకినప్పుడు అవి వెలుపలికి త్రోయును. నీరు లోపలికి లాగును. ఈ త్రోపు ఆ లాగుడును కొంత రద్దు చేయుటచే మనకు బిగువు తగ్గినట్లు తోచును.

ఇట్లు పదేండ్లు గడచెను. ఆమె పరిశీలనలు ఆమె నోటుపుస్తకములయందే యుండెను. బ్రౌన్‌ష్వైగునందలి ఒక గృహిణి మాటను ప్రచురించు పత్రిక యేది? అట్లుండగా ఇంగ్లండున రేలీ ప్రభువు నీటిపై నూనెపొరలను గూర్చి పరిశోధించుచున్నాడని ఆమెకు తెలియవచ్చెను. రేలీ నాటి భౌతికశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. అనంతరము 1904లో నోబెలు బహుమానమును పొందినవాడు. 1891వ సంవత్సరము జనవరి 10వ తేదీన ఆమె ఆయనకు జర్మను భాషలో ఒక జాబు వ్రాసెను. తాను శాస్త్రపత్రికలలో ప్రకటించుకొనగల స్థితిలో లేననియు, తన పరిశీలనలు ఆయనకు ఉపయోగపడునేమో యనియు వినయముగా తెలిపి, తన తొట్టిని, కొలతలను, ఫలితములను వివరించెను.

ఇచ్చట మేము ఒక క్షణము ఆగవలసియున్నది. రేలీ ఆ జాబును చదివి ప్రక్కన పెట్టియుండవచ్చును. అందలి విషయములను తన వ్యాసములలో కలుపుకొనినను అడుగువారు లేకపోయెడివారు. ఆయన అట్లు చేయలేదు. ఆయన భార్య ఆ జాబును ఆంగ్లమున కనువదించెను. ఆయన దానిని నేచరు పత్రికకు పంపుచు, ఈ జర్మను మహిళ ఇంటిలోని సామాన్య పరికరములతోనే విలువైన ఫలితములను సాధించినదనియు, జాబులోని తొలి భాగము తన పనితో ఏకీభవించుచున్నదనియు, తరువాతి భాగము ముఖ్యమైన క్రొత్త ప్రశ్నలను లేవదీయుచున్నదనియు సంపాదకునకు వ్రాసెను. ఆ జాబు 1891 మార్చి 12వ తేదీ సంచికలో ఆమె పేరుతోనే వెలువడినది. ఆ తలుపు ఒకమారు తెరచుకొనగా, 1892, 1893, 1894 సంవత్సరములయందును ఆమె రచనలు అదే పత్రికయందు ప్రకటింపబడెను.

ఈ పని అంత ముఖ్యమైన దెట్లయ్యెను? అణువులు నిజముగా కలవా, లేక లెక్కల కొఱకు కల్పించుకొన్నవా యని పేరుగాంచిన శాస్త్రజ్ఞులే సందేహించుచుండిన కాలమది. నూనెపొర ఆ అణువును కొలుచుటకు కొలబద్ద యయ్యెను. బెంజమిన్ ఫ్రాంక్లిను లండను సమీపమున ఒక చెరువుపై చెమ్చాకు మించని నూనె పోయగా అది ఇంచుమించు అర ఎకరము ప్రాకి అలలను అణచినదని 1774లో ప్రకటించియుండెను. చెమ్చాకు 5 ఘన సెంటీమీటర్లని కొని లెక్క వేసినచో పొర మందము సెంటీమీటరులో నలుబది లక్షలవ వంతు మాత్రమే యగును. ఫ్రాంక్లిను ఈ లెక్క వేయలేదు. 1890లో రేలీ 84 సెంటీమీటర్ల వ్యాసము గల పాత్రలో కర్పూరపు కదలికను ఆపుటకు ఒక మిల్లీగ్రామునకు లోపు నూనెయే చాలునని తూచి చూపెను. ఆగ్నెస్ కనుగొన్న ఆ హఠాత్తు మార్పును ఆధారము చేసికొని, 1899లో ఆయన స్పష్టమైన నిర్ణయమునకు వచ్చెను. బిగువు తగ్గనారంభించు చోట నూనెపొర ఒకే ఒక అణువు మందము కలది. ఆ మందము సెంటీమీటరులో ఇంచుమించు కోటవ వంతు. కంటికి కనిపించని అణువు పరిమాణము ఒక తొట్టి, ఒక రేకు పట్టీ, ఒక త్రాసుల సహాయముతో కొలువబడినది.

ఆమె తొట్టిని మరింత మెరుగుపరచినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మూరు. ఆయన విద్యుద్దీపములు తయారుచేయు సంస్థయందు పరిశోధకుడు. నీటిపై తేలు ఒక పట్టీతో పొర యొక్క త్రోపును సూటిగా కొలిచి, 1917లో ఆయన అణువుల ఆకారమును, అవి నీటిపై నిలుచు తీరును వివరించెను. క్రొవ్వు ఆమ్లముల అణువులు తల నీటిలోను, తోక గాలిలోను పెట్టి, వరిచేలోని పైరువలె వరుసగా నిలుచునని తేలినది. ఆయన సహచారిణి కేథరిన్ బ్లాడ్జెటు ఈ పొరలను ఒకదానిపై నొకటిగా గాజుపై నెక్కించి, 1938లో వెలుగును ప్రతిఫలింపని అద్దమును సిద్ధము చేసెను. బ్లాడ్జెటు 1926లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన తొలి మహిళ. ఆగ్నెస్‌కు మూయబడియుండిన తలుపులు నలుబదియైదేండ్లలో ఎంత తెరచుకొన్నవో దీనివలన తెలియును.

ఈ బలము యొక్క మహిమ తొట్టితో ముగియలేదు. మన ఊపిరితిత్తులలో కోట్లకొలది చిన్న గాలి తిత్తులు కలవు. వాని లోపలి గోడలు తడిగా నుండును. ఆ తడి వట్టి నీరే యైనచో, తలతన్యత ఆ తిత్తులను ముడుచుకొనిపోవునట్లు లాగును. ఎంత చిన్న తిత్తియైన అంత గట్టిగా లాగును. అమెరికా వైద్యుడు జాన్ క్లెమెంట్సు 1957లో ఊపిరితిత్తులనుండి తీసిన పదార్థమును తొట్టిలోని ద్రవముపై పొరగా పరచి, ఆ తలమును పెంచుచు తగ్గించుచు బిగువును కొలిచెను. తలమును కుదించినప్పుడు బిగువు విశేషముగా తగ్గినది. అంట్ల నీటిలో ఆగ్నెస్ చూచిన తీరే మన రొమ్ములోను నడచుచున్నదన్నమాట. ఊపిరి విడిచి తిత్తి చిన్నదగునప్పుడు ఆ పొర దగ్గరపడి బిగువును తగ్గించును, తిత్తి మూసికొనిపోదు.

నెలలు నిండక పుట్టిన శిశువుల ఊపిరితిత్తులలో ఈ పదార్థము చాలినంత యుండదు. అట్టివారు పుట్టిన కొలది గంటలకే ఊపిరాడక మరణించుచుండుటకు ఇదియే కారణమని మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అను వైద్యులు 1959లో కనుగొనిరి. కారణము తెలిసినను మందు వెంటనే రాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కుమారుడు ప్యాట్రిక్ ఈ వ్యాధితోనే రెండు దినములు నిండకుండ కన్నుమూసెను. అంత పెద్దయింటి బిడ్డకును చేయగలిగినది లేకపోయెను. 1980లో జపానున ఫుజివారా అను వైద్యుడు, ఆయన సహచరులును ఆవు ఊపిరితిత్తులనుండి సిద్ధపరచిన పదార్థమును అట్టి శిశువుల శ్వాసనాళమున పోసి, వారికి ఊపిరి నిలుపవచ్చునని చూపిరి. నేడు మన దేశపు ఆసుపత్రులలోను ఈ చికిత్స జరుగుచున్నది. నెలలు నిండకపుట్టి పెరిగి పెద్దవారైన బిడ్డలు మన శ్రోతల ఇండ్లలోను ఉందురు.

ఆగ్నెస్ కడపటి దినములు ఎట్లు గడచెను? ఆమె వివాహము చేసికొనలేదు. తల్లిదండ్రుల సేవయందే చాలకాలము గడపెను. చార్లెస్ డార్విను కుమారుడైన జార్జి డార్విను సముద్రపు ఆటుపోటులను గూర్చి వ్రాసిన గ్రంథమును ఆమె జర్మను భాషలోనికి అనువదించెను. ఇంటి పని పెరిగిన కొలది ప్రయోగములకు దొరకు కాలము తరిగెను. 1913లో తమ్ముడు మరణించెను. శాస్త్రలోకముతో ఆమెకుండిన దగ్గరి బంధము దానితో తెగెను. మరుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధము వచ్చినది. 1932లో, ఆమెకు డెబ్బదియేండ్లు నిండిన సంవత్సరమున, బ్రౌన్‌ష్వైగు సాంకేతిక విశ్వవిద్యాలయము ఆమెకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. అదే సంవత్సరమున లాంగ్మూరునకు ఉపరితల రసాయనశాస్త్రమునందు చేసిన కృషికి నోబెలు బహుమానము లభించినది. యువతిగా నున్నప్పుడు ఆమెను లోనికి రానీయని విద్యాలోకము, వృద్ధురాలైన పిదప పిలిచి గౌరవించినది. 1935 నవంబరు 21వ తేదీన ఆమె కాలధర్మము చెందెను.

ముగించుటకు ముందు, శ్రోతలు తమ ఇంట చేసి చూడదగిన ప్రయోగమొకటి చెప్పుదుము. వెడల్పైన పళ్లెమును బాగుగా కడిగి, శుభ్రమైన నీటితో నింపి, కర్పూరపు పలుకులు రెండుమూడు వేయవలెను. అవి నీటిపై గిరగిర తిరుగుచు పరుగులెత్తును. కర్పూరము కరగిన వైపున నీటి బిగువు తగ్గును. రెండవ వైపు బిగువు దానిని తనవైపునకు లాగును. అప్పుడు తలకు రాచికొన్న వ్రేలి కొనను నీటికి తాకించినచో పలుకులు ఉన్నచోటనే ఆగిపోవును. మేము మొదటిసారి చేసినప్పుడు కర్పూరము కదలనేలేదు. కర్పూరము మంచిది కాదని దుకాణదారుని నిందింపబోయితిమి. పళ్లెమును కుంకుడు రసముతో తోమి, అనేకసార్లు మంచినీటితో కడిగి, నీటిని వ్రేలు తాకకుండ మరల చేయగా అవే పలుకులు చక్కగా తిరిగినవి. తప్పు కర్పూరమున లేదు; మా వ్రేలి జిడ్డులో నుండెను. ఆ జిడ్డు పొరను కంటితో చూడలేకపోయితిమి గాని కర్పూరము దానిని పట్టి యిచ్చినది.

ఇండ్లలో పిల్లలు నీటితో ఆడుచు, వంటింటిలో ఏదో చూచి, అది యెందుకిట్లున్నదని అడుగుచుందురు. పని తొందరలో మనము వారిని కసరి పంపివేయుదుము. ఇకమీదట అట్టి ప్రశ్న వినబడినప్పుడు, అందును అడిగినది ఆడపిల్లయైనప్పుడు, ఒక పళ్లెమును, కొంచెము నీటిని ఆమె ముందుంచి, నీవే చూచి చెప్పుమని మనము అనగలిగినచో ఈ ప్రసంగము వృథా కాలేదని మేము సంతసింతుము.